నూట ముప్పై ఏడు దాటాక

పార్శిల్ విప్పగానే ఇప్పపువ్వు వాసన వచ్చింది. చుట్టిన గోనెపట్టా ఎప్పుడో ఎండిన పువ్వు మోసినది కాబోలు. కాస్త తీపి, కాస్త పులుపు, కాస్త పొగ కలిసిన ఆ వాసన, బోనకల్ స్టేషన్ ఎదుటి సందులో ఉన్న నా చిన్న ఫోటో స్టూడియో అంతా పరుచుకుంది. అద్దం ముందు తల దువ్వుకుంటున్న ఒకాయన దువ్వెన ఆపి, "ఏంది మేడం, ఇప్పసారా తెప్పించిన్రా" అని అడిగాడు. కాదని నవ్వి గోనె పక్కకు లాగాను. లోపల పసుపుపచ్చగా మారిపోయిన పాత కంప్యూటర్ ఉంది. ఆయన ఫోటో తీసి పంపించేశాక దానికి కరెంటు ఇచ్చాను. ఫ్యాను మూలిగింది, వేడెక్కిన దుమ్ము వాసన లేచింది, ఆ తర్వాత లోపలి నుంచి హార్డ్ డిస్క్ టిక్కుటిక్కుమనడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు మధ్యలో ఆగుతుందేమోనని కాసేపు చెవి పెట్టి విన్నాను. దాన్ని పంపిన సుగుణక్క పొద్దున్నే ఫోన్ చేసి, "మిషన్ బస్సుల ఏసిన నిర్మలా. చేరినంక మాట్లాడుదాం, నిన్ను ఒకటి అడిగేదున్నది" అని పెట్టేసింది. ఏం అడగబోతోందో నాకు తెలుసు. ఆమె మళ్ళీ ఫోన్ చేసేలోపు, ఆమెను ఎన్నడూ చూడని మీకు ఆమె గురించి చెప్పాలనిపిస్తోంది.

నేను తల్లాడలో పత్తిచేల మధ్య పెరిగినదాన్ని. ఖమ్మంలో కంప్యూటర్ కోర్సు చేశాను, పెళ్ళయింది, మా ఆయనకు చర్ల అవతల ఆశ్రమ పాఠశాలలో ఉద్యోగం రావడంతో సామానంతా కట్టుకుని అక్కడికి చేరాం. చర్ల అంటే ఒక బజారు, ఒక బస్టాండు, చుట్టూ అడవి. ఇంట్లో ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేట్టుందని పని వెతుక్కుంటూ వెళ్తే, బజారు చివర రేకుల షెడ్డులో సుగుణక్క స్టూడియో కనిపించింది. ఆమెది మధిర వైపు. ఫోటో తీయడం వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకుంది. నలభై దాటిన మనిషి, బక్కపలచన, మాట మెత్తగా ఉండేది గానీ అందులో మొహమాటం అనేది మందుకు కూడా దొరికేది కాదు. నా సర్టిఫికెట్లు చూడను కూడా చూడలేదు. తెర మీద ఒక ముసలాయన ఫోటో పెట్టి, "దీన్ని మంచిగ చెయ్యి" అంది. నేను నా విద్యంతా చూపించి, ఆయన ముడతలు తీసేసి, రంగు రెండు మెట్లు పెంచాను. ఆమె చాలాసేపు చూసింది. "మంచిగనే చేసినవ్. గని ఈయన పెండ్లాం వచ్చి, మా ముసలోడు ఏడి అని అడిగితే ఏం చెప్తవ్?" అంది. ఆ రోజు నుంచి నేను ఎవరి ముఖానికీ సున్నం కొట్టలేదు.

ఆ స్టూడియోకు ప్రధానమైన పని పాస్‌ఫోటోలు. అడవి లోపలి ఊళ్ళ నుంచి రేషన్ కార్డు కోసమో, పోడు భూమి కాగితాల కోసమో జనం నడిచి వచ్చేవాళ్ళు. చాలామందికి జీవితం మొత్తం మీద అదొక్కటే ఫోటో. అందుకే సుగుణక్క దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఫోటో దిగిన ఎవరి ముఖమూ కంప్యూటర్‌లోంచి తుడవకూడదు. ఊరి పేరుతో ఒక అర, దాని లోపల కాలాన్ని బట్టి అరలు, తేదీలతో పని లేదు. ఇప్పపువ్వు కాలం, తునికాకు కాలం, వరి కోతల కాలం. ఎందుకో నాకు మొదట్లో అర్థం కాలేదు. ఒకనాడు ఒక తల్లి వచ్చి గుమ్మంలో కూర్చుంది. "మా పిల్లగాడు ఎర్రంగీ తొడుక్కుని దిగిండు. తునికాకు కోసేటప్పుడు. జరమొచ్చి పోయిండు" అంది. ఊరి పేరు అడిగి, ఆ అర తెరిచి, తునికాకు కాలం చూస్తే ఎర్రచొక్కా పిల్లవాడు మా వైపే చూస్తూ కూర్చుని ఉన్నాడు. సుగుణక్క పెద్దదిగా ప్రింటు తీసి ఆమె చేతికిచ్చింది. ఆమె వెళ్ళాక నాతో, "కార్డు కోసం దిగుతరు, కాలం చేసినంక వస్తరు. మనం దాసేది గందుకే" అంది. కార్డుకు పనికిరాని వాటిని మాత్రం నేను వెంటనే తీసేసేదాన్ని. కళ్ళు మూసినవీ, పక్కకు తిరిగినవీ, పళ్ళు కనిపించేలా నవ్వినవీ దాచడం దండగని నా లెక్క.

ఇప్పుడు ఆ కంప్యూటర్ సంగతి. అది నేను చేరేనాటికే ముసలిది. అందులో విండోస్ తొంభై ఎనిమిది ఉండేది. మా ఫోటో ప్రింటరూ, తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేరూ దానికి తప్ప ఇంకొకదానికి లొంగేవి కావు కాబట్టి దాన్ని మార్చలేం. ఒకసారి పాత డిస్కు నిండిపోతే నలభై జీబీది కొత్తది తెచ్చాం. దాన్ని చూడగానే కంప్యూటర్ బిగుసుకుపోయేది. భద్రాచలం నుంచి వచ్చిన మెకానిక్, డిస్కు వెనక ఉన్న సూదుల్లాంటి వాటికి గోరంత ప్లాస్టిక్ ముక్క తగిలించాడు. "మీ మదర్‌బోర్డుకు ముప్పై రెండు దాటితే లెక్క రాదక్కా. ఇగ ఈ డిస్కు నలభై ఉండి గూడ ముప్పై రెండే ఉన్నదని చెప్తది" అన్నాడు. కంప్యూటర్ బుద్ధిగా తెరుచుకుంది. డబ్బిచ్చి కొన్నదాంట్లో కొంత పోయిందని నాకు ప్రాణం ఉసూరుమంది. సుగుణక్క మాత్రం, "పోతే పాయె. నాకు గింతే అని ముందే చెప్పేదాన్ని నమ్మొచ్చు" అని కెమెరా బ్యాటరీ చార్జింగుకు పెట్టుకుంది.

కొన్నేళ్ళకు ఆ డిస్కూ చాలలేదు. బోర్డు కూడా కాలిపోతే ఖమ్మం పోయి కాస్త కొత్త బోర్డూ, నూట అరవై జీబీ డిస్కూ తెచ్చుకున్నాం. అంతకంటే చిన్నది దొరకలేదు మరి. పాత విండోస్‌తో సహా అన్నీ అందులోకి ఎక్కించాం. ఈసారి ఏ పేచీ లేదు, ప్లాస్టిక్ ముక్క అక్కర్లేదు. కంప్యూటర్ నూట అరవైకీ తల ఊపింది. "ఇగ నా జల్మల నిండదు" అని సుగుణక్క సంబరపడింది. నాలుగేళ్ళు అలాగే నడిచింది, ఐదో ఏడాది పెళ్ళిళ్ళు ముమ్మరంగా వచ్చాయి. భద్రాచలం, బూర్గంపాడు, ఒకటి రెండు ఖమ్మం నుంచి కూడా. వాటి ఫోటోలంటే మాటలా, ఒక్కో పెళ్ళికి కుప్పలు. ఎవరు అడిగినా ఆమె సరేననేది, నేను కంప్యూటర్‌లోకి ఎక్కించేదాన్ని. ఖాళీ ఇంకా ఉందనే చూపిస్తుండేది. అలా ఉండగా ఒకరోజు పొద్దున స్విచ్ వేస్తే, నల్లటి తెర మీద ఒక్క ఇంగ్లీషు వాక్యం వచ్చి ఆగిపోయింది. ఎన్నిసార్లు ఆపి వేసినా అంతే. ఊళ్ళూ లేవు, కాలాలూ లేవు.

సరిగ్గా ఆ పొద్దుటే సోమమ్మ వచ్చింది. గోదావరి వైపు లోతట్టు ఊరామె, కోయామె. ముప్పై కూడా ఉండవు. చంకలో మూడేళ్ళ పిల్ల. భర్త జోగయ్య కార్డు ఫోటో మా దగ్గరే దిగాడట. ఆయన జ్వరంతో పోయాడు, మొన్న వానాకాలంలో వరద నీళ్ళు ఇంట్లోకొచ్చి పెట్టెలో ఉన్న కార్డూ ఫోటోలూ పిండి అయిపోయాయి. "ఈ పొల్ల కడుపుల ఉన్నప్పుడే ఆయన పోయిండు. మా అయ్య ఎట్లుండె అని అడుగుతది. నాకు చెప్పరాదు. సూపిస్త" అంది. నేను ఏదో ఒకటి చెప్పి తర్వాత రమ్మందామనుకున్నాను. సుగుణక్క నా చేయి పట్టుకుని ఆపింది. "మా మిషన్ ఖరాబయింది సోమమ్మా. లోపల మీ ఆయన ఉన్నడో పోయిండో నాకు తెల్వదు. తెలిసినంక ఉన్నదున్నట్టు చెప్త" అంది. సోమమ్మ ఆ నల్లటి తెర వైపు చూసి, పిల్లను ఇంకో చంకకు మార్చుకుని వెళ్ళిపోయింది. నిష్ఠూరం ఆడి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

మర్నాడు డిస్కు తువ్వాల్లో చుట్టుకుని ఇద్దరం ఖమ్మం వెళ్ళాం. సలీం భాయ్ అని, పాడైన డిస్కులు బాగుచేసే మనిషి. తన కొత్త కంప్యూటర్‌కు తగిలించి చూసి, "అక్కా, స్కూటర్ మీటరు చూసిన్రు గదా. అన్ని తొమ్మిదులైనంక ఏమైతది?" అని అడిగాడు.

"మల్ల సున్నలు పడ్తయ్."

"గదే అయింది. డిస్కు మంచిదే, బోర్డు మంచిదే. మీ పాత విండోస్‌కు జాగ నంబరు రాసుకునే గళ్ళు తక్కువ. నూట ముప్పై ఏడు జీబీ దాక లెక్క వస్తది. దాటినంక ఆగాలె గద, ఆగదు. మల్ల మొదటికి పోయి, ఆడ ఏమున్నదో సూడకుంటనే దాని మీద రాస్తది. మొదట్ల మీ పేర్లు, అరలు ఎక్కడున్నయో చెప్పే పట్టీ ఉండె. అది పోయింది. పాత ఫోటోలు గూడ కొన్ని పోయినయ్."

సుగుణక్క ఖాళీ తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "ఏం రాసింది వాటి మీద?" అని అడిగింది. సలీం భాయ్ తెర మా వైపు తిప్పాడు. తలంబ్రాలు, పట్టుచీరలు, ఐస్‌క్రీం గిన్నెలు. మేం చివరగా ఎక్కించిన పెళ్ళిళ్ళు. మిగిలిన ఫోటోలను ఆయన ఒక్కొక్కటే ఏరి కొత్త డిస్కులో వేసిచ్చాడు. వేల ముఖాలు వచ్చాయి గానీ వేటికీ పేరు లేదు, ఊరు లేదు, ఉత్త నంబర్లు. గొర్రెలు పడిన చేనులా అక్కడొకటి కొరికేసి, ఇక్కడొకటి వదిలేసినట్టుంది. తిరుగు బస్సులో భద్రాచలం వంతెన దాటేదాకా ఆమె కిటికీలోంచే చూస్తూ కూర్చుంది. తర్వాత నాతో, "ఆ మిషన్ను తిట్టాల్నంటే నోరు రాలే నిర్మలా. పెండ్లి ఉన్నదంటే నేనూ అవ్ అన్న, ఇంకోటి ఉన్నదంటే దానికీ అవ్ అన్న. దేని మీద రాస్తున్ననో నేను గూడ సూడలే" అంది. నేను ఆమె చేతిలోని సంచి అందుకున్నాను.

ఇంకొకరైతే ఆ ముఖాలను అలాగే ఉంచి, ఎవరైనా వస్తే పోయాయని చెప్పి ఊరుకునేవాళ్ళు. ఆమె వాటిలో కార్డుకు పనికొచ్చేవన్నీ అగ్గిపెట్టెంత ప్రింట్లు తీయించింది. సంత రోజున బట్టల దుకాణం పక్కన రెండు వెదురు గుంజలు పాతి, వాటి మధ్య తాళ్ళు కట్టి, ముఖాలన్నీ క్లిప్పులతో వేలాడదీశాం. ఉప్పు కొనడానికొచ్చినవాళ్ళూ, చింతపండు అమ్మడానికొచ్చినవాళ్ళూ మూగారు. సుగుణక్క ఒక స్టూలెక్కి, "నా మిషన్‌ల పేర్లన్ని పోయినయ్, ముఖాలు మిగిలినయ్. తప్పు నాది, మిషన్‌ది గాదు. ఎవరు ఎవరో చెప్తే వెనక రాసుకుంట" అని చెప్పింది. కోయ తెలిసిన ఒకాయన ఆ మాటలను తమ భాషలోకి మార్చి చెప్పాడు. ఒక పెద్దాయన మాత్రం ముందుకొచ్చి, "ఒక్క ముఖం ఇస్తిమి నీకు, దాసలేకపోతివా" అన్నాడు. ఆమె స్టూలు దిగి, "దాసలేకపోయిన అన్నా" అంది. అంతకు మించి ఒక్క సంజాయిషీ చెప్పలేదు.

తర్వాత నవ్వులు మొదలయ్యాయి. ఈడు మా బామ్మర్ది, ఈమె మా చిన్నాయన కోడలు, ఈ ముసల్ది ఇంకా బతికే ఉన్నది, ఈడనే మిరపకాయలు కొంటున్నది. పిలిస్తే వచ్చి తన ముఖం తనే చూసుకుని పైటతో నోరు మూసుకుంది. నేను పెన్సిలు పట్టుకుని వెనక పేరు, ఊరు రాస్తూ పోయాను. ఒక కుర్రాడు తన ఫోటో తనే తాడు మీంచి తీసి జేబులో పెట్టుకోబోయి మమ్మల్ని చూసి ఆగాడు. లోపలి ఊళ్ళలో పేరూ ముఖమూ ఒకచోట ఉండడం అందరికీ ఇష్టం ఉండదు, పక్కనే పోలీసు క్యాంపు ఉన్నప్పుడు మరీ. "చెప్పాల్నని లేకుంటె చెప్పకు బిడ్డా, తీస్కపో" అంది సుగుణక్క. అతను వెళ్ళేదాకా నా పెన్సిలు మీద చేయి వేసి ఉంచింది. సోమమ్మ కూడా వచ్చింది ఆ రోజు. ఒక తాడు తర్వాత ఇంకో తాడు, ఎక్కడా తొందరపడకుండా చూసింది. జోగయ్య లేడు. పిల్లకు బఠాణీలు కొనిపెట్టి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా సుగుణక్కకు అన్నం సహించలేదు. సలీం భాయ్ ఇచ్చిన వాటిలో మేం ప్రింటు తీయనివి ఇంకొక గుట్ట ఉంది. నేను ఎప్పుడో తీసేసినవి. తీసేసినా డిస్కులో అవి అలాగే పడుంటాయట, వెతికితే వాటినీ పైకి తెచ్చింది ఆయన సాఫ్ట్‌వేరు. కళ్ళు మూసినవాళ్ళు, తుమ్ముతున్నవాళ్ళు, తెర పక్కకు చూసి నవ్వుతున్నవాళ్ళు. సుగుణక్క వాటిని కూడా ప్రింటు తీయమంది.

"అవి పనికిరానివక్కా" అన్నాను.

"ఎవరికి?"

"కార్డుకు."

"సంతకు కార్డులోల్లు రారు గద. తియ్యి" అంది.

మరుసటి సంతకు అవన్నీ తాడెక్కాయి. ఆ రోజు గుంజల దగ్గర నవ్వులే నవ్వులు. సోమమ్మ ఈసారి ఆలస్యంగా వచ్చింది, ఆశ పెట్టుకుని వచ్చినట్టు లేదు. మధ్య తాడు దగ్గర ఆగింది. కదల్లేదు. నేను దగ్గరకు వెళ్ళి చూశాను. ఒక మనిషి స్టూలు మీద కూర్చుని, కెమెరాను మరచిపోయి, ఎడమవైపుకు తిరిగి పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. ఫోటో అంచున గాజులున్న చేయి ఒకటి సగం వరకే పడింది. సోమమ్మ ఆ గాజులను చూసి, తన చేతిని చూసుకుంది. "ఈ చెయ్యి నాది. తెర పక్కన నిలవడి నేనే ఏదో అన్న, నవ్విండు. సక్కగ కూసోమని అమ్మ కసురుకున్నది" అంది, సుగుణక్కను చూపిస్తూ. తర్వాత పిల్లను ఎత్తుకుని, ఆ ఫోటోకు ఎదురుగా పెట్టి, "కార్డుల ఉన్నది కోపంగ సూస్తుండె. గది నా పొల్లకు ఎట్ల సూపియ్యాలె అని నాకే మనసొప్పకపోతుండె. గిదే మీ అయ్య" అని చెప్పింది. పిల్ల వేలు పెట్టి ఫోటోలో ఆ పళ్ళను ముట్టుకుంది. నేను పెన్సిలు పట్టుకుని ఆ పిల్లనే చూస్తున్నాను. సుగుణక్క నా చేతిలోంచి పెన్సిలు తీసుకుని, అన్నీ తెలిసి కూడా, "పేరు చెప్పు సోమమ్మా" అని అడిగింది. జోగయ్య అని, ఊరి పేరు రాసింది. ఒక్క క్షణం ఆగి, దాని కింద 'నవ్వించింది సోమమ్మ' అని కూడా రాసింది.

ఆ రోజు నుంచి మా స్టూడియోలో ప్రతి ఒక్కరికీ రెండు ఫోటోలు తీశాం, కార్డుకు ఒకటి, ఇంటికి ఒకటి. కంప్యూటర్‌లో కొత్త డిస్కును నూట ఇరవై దగ్గరే ఆపి కట్టేయించాం. పెళ్ళిళ్ళు ఎవరైనా అడిగితే సుగుణక్క ముందు లేచి వెళ్ళి తెర మీద ఎంత ఖాళీ ఉందో చూసి వచ్చేది, ఆ తర్వాతే మాట ఇచ్చేది. కొందరికి ఇవ్వలేదు. మా ఆయనకు బదిలీ అయి మేం ఇటు వచ్చేసేనాడు, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి నవ్వొద్దని చెప్పి ఒకటి తీసింది. లేవబోతుంటే, "నువ్వు సున్నం కొట్టిన ముసలాయన యాదికున్నడా" అని అడిగి, నేను నవ్వగానే ఇంకొకటి తీసింది. ఆ రెండోది నా గల్లాపెట్టె పైన గోడకు ఉంది. వెనక పెన్సిలుతో నా పేరు, తల్లాడ అని రాసి ఉంటుంది. నేను ఇచ్చే ప్రతి ఫోటో వెనకా అలాగే రాస్తాను. ఇక్కడివాళ్ళు అదో చాదస్తం అనుకుంటారు, అనుకోనీ.

ఎండ స్టేషన్ గోడ మీది నుంచి దిగిపోయాక ఫోన్ మోగింది. సుగుణక్కే. "చేరిందా? తిరుగుతున్నదా?" అని అడిగింది. చేరిందని, తిరుగుతోందని చెప్పాను. "నా కండ్లు మసకలు వడ్డయ్. స్టూడియో మూసేస్తున్న. ఆ ముఖాలు నీ తాన పెట్టుకుంటవా నిర్మలా? ఊకె పెట్టుకునుడు గాదు. ఎవరన్న ఫోన్ చేసి, ఫలానా ఊరు, ఫలానా కాలం అంటే వెతికి పంపియ్యాలె. జాగ ఉన్నదా నీకు?"

డిస్కులో జాగాకు ఇవాళ ఏం తక్కువ, నా కూతురి ఫోన్‌లోనే ఆ పాత కంప్యూటర్ మొత్తం పట్టి ఇంకా మిగులుతుంది. ఆమె అడిగింది దాని గురించి కాదు. అవ్ అక్కా అనే మాట నోటిదాకా వచ్చింది. నేను ప్రేమించిన మనిషి, జీవితంలో నన్ను అడిగింది ఇదొక్కటే. అయినా ఆపుకున్నాను. "ఒక్క నిమిషం ఉండక్కా, చూసి చెప్త" అన్నాను. లేచి ఈ ఏటి పెళ్ళిళ్ళ డైరీ తెరిచాను. ఇంకా మాట ఇవ్వని రెండింటి పక్కన కుదరదని రాశాను. పిల్ల పరీక్షలు, అత్తయ్యను దవాఖానాకు తీసుకుపోయే రోజులు, ఒక్కో పేజీ తిప్పాను. ఫోన్‌లో అవతల చర్ల బజారు చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆమె తొందర పెట్టలేదు.

"ఉన్నదక్కా" అన్నాను తిరిగొచ్చి. "గని రోజు కుదరదు. వారానికి ఒక్కరోజు, మీ సంత నాడు కూర్చుని వెతుకుత. గంతే అయితది నాతోని."

సుగుణక్క నవ్వింది. "గింతే అని చెప్పినవ్ గద," అంది, "ఇగ నమ్మొచ్చు."